ఆరో బటన్

అమెరికాలో, చాండ్లర్‌లో మన తెలుగు చర్చివాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి — గురువారం చీకటి పడ్డాక, కాలవ పక్కన స్టోరేజ్ గదులున్న మలుపు మీదుగా వెళ్తారా అని. "దెయ్యాలేంటండీ, వాక్యం తెలిసినవాళ్ళం, అలాంటివి మేం నమ్మం" అంటారు. అంటూనే రెండు మైళ్ళు చుట్టు తిరిగి ఇంటికి పోతారు!

నవ్వకండి. విన్న కొత్తలో నేనూ అలాగే నవ్వాను.

ఆ మలుపులో చెట్టూ లేదు, బావీ లేదు. ఒక పక్క సిమెంటు కాలవ. ఇంకో పక్క బారుగా ఇనప షట్టర్లు. ఇంట్లో పట్టని సామాను జనం అద్దె కట్టి దాచుకునే గదులవి. వెలిగీ వెలగని లైట్లు రెండున్నాయి. సాయంత్రం ఏడు దాటితే మనిషి అలికిడి ఉండదు.

అక్కడికి రాగానే కార్ రేడియోలో... గిటార్ మొదలవుతుందట. వెనకాల డ్రమ్ములు. ఎవరో గొంతు చించుకుని పాడతారు. పాట ఆగాక ఒక కుర్రాడు మాట్లాడతాడు — నెమ్మదిగా, పక్క సీట్లో కూర్చుని చెప్తున్నట్టు. మలుపు దాటారా... బుస్సుమని హోరు. ఇంకేం ఉండదు.

అన్నిటికంటే విడ్డూరం ఏంటంటే, అది మన చర్చివాళ్ళకే వినబడుతుంది!

కోవిడ్ రోజుల్లో చర్చి మూతపడితే పార్కింగ్ లాట్‌లోనే ఆరాధన జరిపేవాళ్ళు. ఎవరి కార్లో వాళ్ళు కూర్చుంటే, పాస్టర్ అయ్యగారి ప్రసంగం ఒక చిన్న ట్రాన్స్‌మిటర్లోంచి కార్ రేడియోల్లోకి వచ్చేది. ఎక్కడెక్కడి బటన్లో ఎందుకు, రేడియోలో ఆ స్టేషన్‌ని అందరూ ఆరో బటన్‌కే పెట్టుకోండి అని అనౌన్స్ చేశారు. అందరూ పెట్టుకున్నారు. తర్వాత చర్చి తెరిచారు, ఆ మెషీన్ మూలన పడింది, అదేమైందో ఎవరూ అడగలేదు. బటన్ మాత్రం కార్లలో అలాగే ఉండిపోయింది.

ఆ మలుపులో పలికేది ఆ ఆరో బటన్ మీదే.

ఈ సంగతి సంఘంలో అందరికీ తెలిసిపోయింది. ఒక్కరి చెవిన మాత్రం పడనివ్వలేదు — ప్రేమానందం గారి చెవిన. ఎందుకంటే ఆ గొంతు ఎవరిదో విన్న ప్రతివాళ్ళూ గుర్తుపట్టారు.

ఎవాన్‌ది. ప్రేమానందం గారి ఒక్కగానొక్క కొడుకు. పోయి అప్పటికి ఏడు నెలలు.

ఎవాన్ చర్చిలో సౌండ్ చూసుకునేవాడు. మెత్తని పిల్లాడు, కనబడ్డవాళ్ళందరికీ "వందనాలు ఆంటీ, వందనాలు అంకుల్" అనేవాడు. వాడికున్నది ఒకటే పిచ్చి — పాటలు. అందరూ వినేవి కాదు. ఎవరికీ తెలియని రాక్ బ్యాండ్లు, ఎవరో గరాజ్‌లో కూర్చుని రికార్డ్ చేసుకున్నవి, పాత సామాన్ల కొట్లో అట్టపెట్టె అడుగున దొరికిన సీడీలు. దొరికింది దొరికినట్టు ఎవరికో ఒకరికి వినిపించకపోతే వాడికి అన్నం సయించేది కాదు.

ఇంట్లోనూ వినిపించబోయాడు. "డాడీ, జస్ట్ ఒక పాట. త్రీ మినిట్స్ ఓన్లీ." ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి నాన్న చెవికి దగ్గరగా. ప్రేమానందం గారు ఆ చేతిని తోసేసేవారు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు.

చర్చిలో మూల పడున్న ఆ ట్రాన్స్‌మిటర్‌ని ఎవాన్ ఇంటికి తెచ్చుకున్నాడు. సాయంత్రాలు ఖాళీ పార్కింగ్ లాట్లలో కార్ ఆపుకుని, రెండొందల గజాల మేర వినబడేలా తన సొంత ప్రోగ్రాం వేసేవాడు. ఆ సంగతి బయటపడ్డరోజు ఇంట్లో ఎంత రభస! "దేవుని వాక్యం పలికిన మెషీన్‌లో సాతాను పాటలా?" అని ఆ పెద్దమనిషి కొడుకు సీడీలన్నీ గరాజ్‌లో కుప్పపోసి సుత్తితో పగలగొట్టారు. అంతటితో ఊరుకున్నారా? ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు — నా ఇంటిని శుద్ధి చేసుకున్నాను అని. సంఘమంతా "ఆమెన్" అంది.

ఎవాన్ అప్పుడు సౌండ్ బోర్డ్ దగ్గరే ఉన్నాడు. నాన్న గొంతు వెనక బెంచీలకి అందట్లేదని మైకు కాస్త పెంచాడు కూడా.

ఆ వారమే ఫ్రెండ్స్ రూమ్‌కి వెళ్ళిపోయాడు. తొమ్మిది నెలలు తిరక్కుండా, వేసవిలో ధూళి తుఫాను కమ్మినరోజు ఫ్రీవే మీద... ఇరవై రెండేళ్ళు. అంతే వాడి ఆయుష్షు.

తర్వాత ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. వాళ్ళావిడ రూతు గారు హాస్పిటల్ లాబ్‌లో పనిచేస్తారు. వస్తారు, వండుతారు, వడ్డిస్తారు. "కూర వెయ్యనా?" "చాలు." సీడీల ఊసు ఆవిడ ఏనాడూ ఎత్తలేదు. నోరారా నాలుగు తిట్టినా ఆయన ప్రాణం కుదుటపడేదేమో! ఎవాన్ సామానేమైందని ఆయన అడిగితే "ఇచ్చేశాను" అన్నారు, తల తిప్పుకుని. ఎవరికని ఆయనా అడగలేదు.

అలాంటి మనిషికి ఆ మలుపు సంగతి చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? చివరికి ఇమ్మాన్యుయేల్ గారు చెప్పారు. ప్రేమానందం గారికి పాతికేళ్ళ స్నేహితుడాయన. బుధవారం ప్రార్థన అయ్యాక పార్కింగ్‌లో పక్కకి పిలిచి, మలుపు సంగతంతా చెప్పి, గొంతు తగ్గించి —

"బ్రదర్... ఆ గొంతు... మన ఎవాన్‌దే."

"చనిపోయినవాళ్ళు మాట్లాడరు బ్రదర్. మీరు వాక్యం చదవట్లేదా?"

"చదువుతున్నాను. అందుకే భయమేస్తోంది."

ప్రేమానందం గారు కోపంగా కార్ డోర్ వేసుకుని వెళ్ళిపోయారు. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

మర్నాడు గురువారం. గురువారాలు రూతు గారికి లేట్ షిఫ్ట్. ఏడున్నరకి ఆయన బైబిల్ చేతపట్టుకుని కార్ ఎక్కారు. కొడుకు గొంతు దొంగిలించిన దురాత్మని ప్రభువు నామంలో గద్దిస్తాను — తనకి తాను చెప్పుకున్న మాట అది. అసలు మాట వేరే. ఏడు నెలలుగా ఫోనంతా వెతికారు, కొడుకు గొంతు ఒక్క ముక్క లేదు. వాయిస్ మెసేజులన్నీ ఎప్పటికప్పుడు తీసేసే అలవాటు ఆయనది. సాతానైనా సరే, ఎవరైనా సరే... ఆ గొంతు ఒక్కసారి వినాలి.

కాలవ గట్టు వచ్చింది. ఆరో బటన్ నొక్కారు.

హోరు.

మలుపు దగ్గరపడింది. హోరు కాస్త తగ్గింది... దాని అడుగునుంచి ఏదో తీగ మోగింది. ఒక ఆడపిల్ల గొంతు, కీచుగా, ఏడుస్తోందో పాడుతోందో తెలియకుండా. ప్రేమానందం గారు కార్ పక్కకి తీసి ఆపారు.

పాట ఆగింది.

"సో... ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఒక లాండ్రీ షాప్ ఉంది. అక్కడ నోటీస్ బోర్డ్‌కి ఈ సీడీ అంటించి ఉంది. ‘టేక్ మీ’ అని రాసి. సో నేను తీసుకున్నా. ఇప్పుడు మీరు తీసుకోండి."

ఆయన గద్దించడానికి నోరు తెరిచారు. "ప్రభువు నామంలో..." అనబోయారు. వచ్చింది మాత్రం —

"నాన్నా..."

ఇంకో పాట మొదలైంది. ఆయనకి బైబిల్ సంగతే గుర్తులేదు. కార్‌ని అంగుళం అంగుళం ముందుకి పోనిచ్చారు. ముందుకెళ్తే హోరు తగ్గుతోంది. వెనక్కొస్తే పెరుగుతోంది. అంటే... ఆ గొంతు ఎక్కడో ఒకచోట ఉంది. దగ్గర్లోనే!

స్టోరేజ్ గేటు తొమ్మిదిదాకా తెరిచే ఉంటుంది. లోపలికి తిప్పారు. మొదటి వరస... బుస్సుమంటోంది. రెండో వరస... డ్రమ్ములు తేటపడ్డాయి. మూడో వరస చివరికి వచ్చేసరికి హోరనేదే లేదు. కుర్రాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతోంది.

ఎదురుగా షట్టర్. కింద జానెడు సందు. సందులోంచి సన్నగా వెలుగు.

కార్ దిగారు. బైబిల్ ఎడమచేతిలో గుండెకి అదుముకుని, కుడిచేత్తో షట్టర్ పట్టుకుని... ఒక్కసారిగా ఎత్తారు.

లోపల రూతు గారు!

హాస్పిటల్ బ్యాడ్జ్ ఇంకా మెడలోనే ఉంది. మడత కుర్చీ, చిన్న బల్ల, బల్లమీద ఎవాన్ లాప్‌టాప్, పక్కన చర్చి ట్రాన్స్‌మిటర్. చుట్టూ వాడి బట్టల సంచులు, పోస్టర్లు, పగిలిన సీడీల కవర్లు పేర్చిన పెట్టె. చేసిన ప్రతి ప్రోగ్రాం వాడు లాప్‌టాప్‌లో రికార్డ్ చేసుకున్నాడు. గురువారం గురువారం వాడి తల్లి ఒక్కొక్కటీ మళ్ళీ గాల్లోకి వదులుతోంది.

దెయ్యమూ లేదు, దురాత్మా లేదు. లేట్ షిఫ్టూ లేదు!

రూతు గారు ఆయన దగ్గరికి రాలేదు. చివాల్న లేచి బల్లకి అడ్డం నిలబడ్డారు, రెండు చేతులూ చాపి. ఆ కళ్ళల్లో భయం... ఆ భయం ఆయన్ని చూసే.

"వద్దండీ..." అన్నారావిడ. "ఇవైనా ఉంచండి."

ప్రేమానందం గారికి అప్పుడు అర్థమైంది. సంఘంలోవాళ్ళంతా ఏ దెయ్యానికి భయపడుతున్నారో గానీ, ఆ తల్లి ఇన్నాళ్ళూ భయపడింది తనకే. ఆయన ఏడ్చారు. ముసిలాయన, నలుగురికీ ప్రార్థనలు చేసే మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు.

"రూతూ... నేను పగలగొట్టడానికి రాలేదు. వినడానికొచ్చాను."

ఆవిడ చేతులు దించలేదు.

"వాడు వెళ్ళేరోజు ఈ మెషీన్ నేనే వాడి బ్యాగులో పెట్టాను. నా చేతనైంది అదొక్కటే. ఒక్క పాట వినమని ఎన్నేళ్ళు అడిగాడండీ మిమ్మల్ని? మూడు నిమిషాలు."

ఆయన చూపు ఆ సీడీ కవర్ల పెట్టె మీద పడింది.

"దారిన పోయేవాళ్ళెవరైనా వింటారని పెడుతున్నాను. వాడి ప్రోగ్రాం ఆగిపోకూడదు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు కూడా. "మీరు వెళ్ళండి."

ఆయన బయటికొచ్చారు. వెనక షట్టర్ గరగరమంటూ దిగింది. సందు కూడా లేకుండా, నేలకి ఆనేదాకా.

ఇంటికి వెళ్ళలేదు. కార్లో కూర్చున్నారు, ఆ షట్టర్‌కి ఎదురుగా. రేడియో మూగబోయింది. ఐదు నిమిషాలు... పది నిమిషాలు. ఇక పెట్టదేమో అనుకున్నారు.

అప్పుడు చిన్న చిటపట. తర్వాత గొంతు.

"హే... ఇది ఎవాన్. ఒక డౌట్. అసలు ఎవరైనా వింటున్నారా? వింటుంటే హెడ్‌లైట్స్ ఒకసారి ఫ్లాష్ చేయండి. నేను ఇక్కడ్నుంచి చూస్తా. ఓకే? వెయిటింగ్."

ఆ రికార్డింగ్‌లో ఎక్కడో దూరంగా కుక్క మొరిగింది.

ప్రేమానందం గారు చీకట్లో తడుముకున్నారు. మీట దొరకలేదు... దొరికింది. లైట్లు వేశారు. ఆర్పారు. మళ్ళీ వేశారు. ఇనప షట్టరంతా తెల్లగా వెలిగి ఆరిపోతోంది, వెలిగి ఆరిపోతోంది. "వింటున్నాను నాన్నా... ఇక్కడే ఉన్నాను... వింటున్నాను..."

రేడియోలో కుర్రాడు చిన్నగా నవ్వాడు.

"ఓకే... ఎవరూ లేరు. పర్లేదు. నెక్స్ట్ పాట."