ఐదో అంతస్తుకు సామాను

ఆదివారం పొద్దున ఏడింటికే రవళి మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఫోన్‌లో ఇల్లు మారే లెక్క మళ్లీ చూసుకుంటోంది. ప్యాకర్స్ వాళ్లకు పద్దెనిమిది వేలు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు మూడు వేలు, లిఫ్టుకు గీతలు పడితే మినహాయించుకోవడానికి డిపాజిట్ ఇంకో ఐదు వేలు. కర్టెన్లు, గీజర్ బిగింపు, గ్యాస్ పైపు. పటాన్‌చెరులో ఈ రెండు గదుల కిరాయి పోర్షన్ వదిలి అమీన్‌పూర్‌లో సొంత ఫ్లాట్‌కు వెళ్లడానికి వారమే ఉంది. లెక్కలో ఎక్కడా తేడా లేదు. పాశమైలారంలో ఓ మందుల ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో కూర్చుని మూడు వందల మంది హాజరు చూసే మనిషికి ఇదొక లెక్కా?

గడప మీద అత్త మొగులమ్మ చాయ్ తాగుతోంది. జుర్రుమని చప్పుడు చేస్తూ తాగడం ఆమె అలవాటు. ఆ చప్పుడుకు రవళికి నాలుగేళ్లుగా ఒళ్లు మండుతూనే ఉంది.

"సామాను బండికి ఎంతన్నరు?" మొగులమ్మ అడిగింది.

"పద్దెనిమిది వేలు."

"పద్దెనిమిది వేలా! నాతోని బస్తాలు మోసిన ఓదెలు బండి మాట్లాడితే నాలుగు వేలల్ల వడుతది. ఇద్దరు హమాలీలను నేను దెస్త."

"అత్తమ్మా, అది గేటెడ్ కమ్యూనిటీ. తాళ్లు కట్టిన బండి మీద మంచాలేసుకొని పోతే సూసేటోళ్లు నవ్వుతరు."

"సామాను మోసుడుకు నవ్వుడేంది బిడ్డా?"

"నీకు తెల్వదు, ఊకో."

ఆ ఇంట్లో రవళి నోటి నుంచి ఎక్కువసార్లు వచ్చే మాట అదే. మొగులమ్మకు లిఫ్టు తెలియదు, ఏటీఎం తెలియదు, నలుగురిలో ఎలా కూర్చోవాలో తెలియదు. మొగుడు ఐలన్న పోయాక ఓ కెమికల్ ఫ్యాక్టరీ గోదాములో పదిహేడేళ్లు బస్తాలు మోసింది. ఆ మోతతో కొడుకు కుమార్‌ను ఐటీఐ చదివించింది. ఈ సంగతి ఎవరైనా గొప్పగా చెబితే రవళి పెదవి విరిచేది. మోయడం కూడా ఓ గొప్పేనా, గాడిద కూడా మోస్తుంది అనుకునేది. తన సొంత తల్లి ఇప్పటికీ కొండాపూర్ దగ్గరి చేలల్లో కలుపుకు పోతుందని ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదు. నాన్న పొలం చూసుకుంటాడనేది, అంతే. ఎవరి పొలమో ఎవరూ అడగలేదు.

కుమార్ స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. "అవ్వ మంచం ఏ రూముల వేద్దం?"

"సూద్దాంలే," అంది రవళి, ఫోన్ పక్కన పెడుతూ.

అప్పటికే చూసేసింది. రెండో గది తనకు ఆఫీసు గది. టేబుల్, కుర్చీ, గోడకు అల్మారా. మొగులమ్మ ఇనుప మంచం, రేకు పెట్టె పారేసే సామాన్ల పట్టీలో ఉన్నాయి. ఇల్లు సర్దాక అత్తను కొన్నాళ్లు ఊరికి పంపాలి. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో కుమార్‌కు నిదానంగా అర్థమవుతుంది.

అనుకున్న రోజు రానే వచ్చింది. కుమార్‌కు లీవు దొరకలేదు, ఫ్యాక్టరీలో బాయిలర్ తనిఖీ ఉంది. యూనిఫాం వేసుకున్న నలుగురు మనుషులు అట్టపెట్టెలతో వచ్చి చకచకా సర్దుతుంటే రవళికి గర్వంగా అనిపించింది. ఇంటి ఓనరు భార్య, పక్క పోర్షన్ వాళ్లు తలుపుల్లో నిలబడి చూశారు. చూడనీ అనుకుంది.

అమీన్‌పూర్‌లో ఆ గర్వం సెల్లారు దాకే నిలిచింది. మనుషులు సామానంతా కింద దింపి, రశీదు మీద సంతకం అడిగారు.

"పైకి ఎవరు ఎక్కిస్తరు?" రవళి నిలదీసింది.

"మేడం, మన మాట గ్రౌండ్ ఫ్లోర్ దాకనే. ఐదో ఫ్లోర్ అంటే ఇంకా ఆరు వేలు అయితది. మీరు ఓకే కొట్టిన కాగితంలనే ఉంది, సదువుకోండ్రి."

చదివింది. నిజంగానే ఉంది, కింద సన్నని అక్షరాల్లో. రవళి గొంతు పెంచింది, ఇంగ్లీషులో బెదిరించింది, కంప్లయింట్ ఇస్తానంది. ఆఫీసులో ఆ గొంతు వింటే కార్మికులు వణుకుతారు. వీళ్లు బండెక్కి వెళ్లిపోయారు. డిపాజిట్లు కట్టాక అకౌంట్‌లో రెండు వేల చిల్లర మిగిలింది. బీరువా, ఫ్రిజ్, మంచం చెక్కలు, ముప్పై నాలుగు అట్టపెట్టెల నడుమ ఆమె నిలబడిపోయింది.

మొగులమ్మ చెంగు నడుముకు చుట్టి, చీర మోకాళ్ల పైకి దోపింది. "జరుగు," అంది. ఫోన్ తీసి ఓదెలును పిలిచింది. అరగంటలో అతను ఇంకో మనిషిని తీసుకుని వచ్చాడు.

"మొదాలు బీరువ, తర్వాత మంచం చెక్కలు. డబ్బలు ఆఖరికి. డబ్బలు ముందుగాల వోతే లోపట తిరుగనీకె జాగ ఉండది," అని మొగులమ్మ చెబుతుంటే ఇద్దరూ మారుమాట లేకుండా చేశారు. ఫ్రిజ్ కింద తడి గోనెసంచి వేయించి, గీత పడకుండా లిఫ్టు దాకా జరిపించింది. అరవై ఏళ్ల మనిషి తను కూడా తల మీద పెట్టె పెట్టుకుని నడిచింది. రవళికి ఊపిరి ఆడింది. సిగ్గు కూడా వేసింది. బాల్కనీల్లోంచి ఎవరైనా చూస్తున్నారేమో అని తలెత్తి తలెత్తి చూసింది.

మిక్సీ పెట్టెతో మొగులమ్మ ముందు వైపు లిఫ్టు దగ్గర నిలబడినప్పుడు తలుపు తెరుచుకుంది. లోపల అసోసియేషన్ సెక్రటరీ సూర్యప్రకాశరావు, వెనక పట్టుచీరల్లో ఇద్దరు ఆడవాళ్లు.

"ఏమ్మా, పనివాళ్లకు వెనక లిఫ్టు ఉందని చెప్పలేదా నీకు?" అని గదమాయించి ఆయన రవళి వైపు తిరిగాడు. "కొత్తగా వచ్చారు కదూ? ఈవిడ మీ మెయిడా?"

రవళి అత్తను చూసింది. చెమటకు అతుక్కున్న జుట్టు, తంబాకుతో గారపట్టిన పళ్లు, పగిలిన మడమలు. ఆ ఇద్దరు ఆడవాళ్లు తన జవాబు కోసం చూస్తున్నారు. వాళ్లతో రేపటి నుంచి మాట కలపాలి.

"అవును సార్," అంది.

"అయితే గేటు దగ్గర పేరు రాయించండి. రూల్ అమ్మా, ఏమనుకోకండి."

"సరే సార్."

మొగులమ్మ కోడలిని ఒక్కసారి చూసింది. తర్వాత ఆయన్ను అడిగింది. "వెనుక లిఫ్టు ఏ దిక్కున్నది సారూ?"

గేటు దగ్గర గార్డు కిష్టప్ప రిజిస్టర్‌లో రాసుకున్నాడు. మొగులమ్మ, మెయిడ్, ఫ్లాట్ ఐదు వందల మూడు. అక్కడి నుంచి మొగులమ్మ, పక్కవాళ్లు కనిపించినప్పుడల్లా, "మేడం, ఈ డబ్బ ఏడ వెట్టాలె?" అని అడిగింది. మొదటిసారి రవళికి గుండె తేలికైంది. ముసలిది అర్థం చేసుకుంది అనుకుంది. రెండోసారి, మేడం అనే మాట నోటికి ఎంత బాగా అలవాటో అని లోపల ఈసడించుకుంది. ఐదోసారికి ఆ మాట మెడ మీద చీమలా పాకడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఇల్లు ఇల్లులా కనబడింది. ఓదెలు డబ్బు తర్వాత తీసుకుంటానని వెళ్లిపోయాడు. మొగులమ్మ కాళ్లు కడుక్కుని, గుడ్డ సంచి భుజానికి తగిలించుకుంది.

"ఏడికి అత్తమ్మా?"

"ఊరికి. సంగారెడ్డి బస్సు దొరుకుతది."

"కుమార్ వచ్చినంక పోరాదు?"

"పని అయినంక పనిమనిషి ఉంటదా?" ఆమె గొంతులో కోపం లేదు. "నా మంచం ఏది? నా పెట్టె ఏది? నాకు సదువు రాదు బిడ్డా. గని పారేసే కుప్పల ఏమేమున్నయో పొద్దుగాలనే సూసిన. కండ్లున్నయి గద."

ఈసారి రవళి నోటికి 'నీకు తెల్వదు' అనే మాట కూడా రాలేదు. మొగులమ్మ చెప్పులేసుకుని వెనక లిఫ్టు వైపు నడిచింది. తలుపు వేశాక రవళి తనకు తాను చెప్పుకుంది, పోనీ, తనే పోయింది, ఇక కుమార్‌కు ఏం చెప్పాలన్నదే బాధ.

పది నిమిషాలకు ఇంటర్‌కమ్ మోగింది.

"మేడం, గేటు నుంచి. మీ మెయిడ్ సంచి పట్టుకొని పోతుంది. మీరు ఏమన్న ఇచ్చిన్రా? చెప్తే వదిలేస్తం, లేకుంటే చెక్ చేయాలె. రూల్."

రవళి ఇంటర్‌కమ్ అలాగే వదిలేసి బాల్కనీలోకి పరుగెత్తింది. కింద గేటు పక్కన టేబుల్ మీద కిష్టప్ప సంచి బోర్లించాడు. మొగులమ్మ చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. అదే సమయానికి కుమార్ బైకు వచ్చి ఆగింది.

లిఫ్టు రాలేదు. ఐదు అంతస్తులూ మెట్లు దిగి వచ్చేసరికి కుమార్ హెల్మెట్ కూడా తీయకుండా కిష్టప్ప మీద మీదకు పోతున్నాడు. టేబుల్ మీద రెండు చీరలు, ఒక దువ్వెన, బీపీ గోళీల పట్టీ.

"మా అవ్వ రా ఆమె! మా అవ్వ సంచి ఇప్పుతవా?"

"సార్, రిజిస్టర్‌ల మెయిడ్ అని ఉన్నది. నాకేమెరుక?"

"ఎవరు రాయించిన్రు గట్ల?"

వాకింగ్‌కు బయల్దేరిన సూర్యప్రకాశరావు అక్కడే ఆగాడు. ఇంకో నలుగురు చేరారు.

"నేనే రాయించిన బిడ్డా," అంది మొగులమ్మ కొడుకు చేయి పట్టుకుని. "గట్ల అంటే లిఫ్టు జల్దీ ఇస్తరని. లొల్లి జెయ్యకు. కొత్త జాగ."

రవళికి ఆ అబద్ధం ఎవరి కోసమో తెలుసు. 'అవును' అంటే చాలు. మధ్యాహ్నం అన్న మాటే, ఇంకోసారి. కుమార్ ఎప్పటికీ తెలుసుకోడు. మొగులమ్మ బస్సెక్కి వెళ్లిపోతుంది, ఆఫీసు గది తనదవుతుంది. టేబుల్ మీద ఆ రెండు చీరలు నలిగి పడి ఉన్నాయి. ఒకటి తన పెళ్లికి తన తల్లి వియ్యపురాలికి పెట్టిన చీర. కూలి డబ్బులు కూడబెట్టి కొన్నది.

"ఆమె కాదు," అంది రవళి. "నేనే. సార్ అడిగిండు, పనిమనిషా అని. అవునన్న. ఈమె మా అత్తమ్మ. సామానంతా ఈమెనే ఎక్కించింది. నేను సిగ్గువడి అవునన్న."

కుమార్ ఆమె వైపు చూడలేదు. మెల్లగా హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు, అంతే.

సూర్యప్రకాశరావు గొంతు సవరించుకున్నాడు. "ముందే చెప్పాల్సింది కదమ్మా. అత్తగారని తెలిస్తే మేం ఇలా చేసేవాళ్లమా?"

మొగులమ్మ ఆయన్ను కింది నుంచి పై దాకా చూసింది. "పనిమనిషి అయితే మాత్రం సంచి బోర్లిస్తరా సారూ?"

ఆయన వాచీ చూసుకుని నడిచి వెళ్లిపోయాడు.

రవళి చీరలు మడత పెట్టబోయింది. "అత్తమ్మా, నన్ను కొట్టు. అందరి ముందల కొట్టు. గని పోకు."

"కొట్టుడెక్కడిది? పొద్దటి సంది మోసి రెక్కలు గుంజుతున్నయి." మొగులమ్మ చీర లాక్కుని తనే మడిచింది, సంచిలో కుక్కింది. "ఏడుస్తే ఏమొస్తది? నాకు మస్తు కోపమున్నది నీ మీద. గిప్పుడు పోయేది గాదు."

"ఏమనాల్నో అను అత్తమ్మా."

"ఏమనను. రెండు దినాలు నాతోని మాట్లాడకు. మూడోనాడు మాట్లాడుకుందం."

కుమార్ సంచి అందుకుని భుజాన వేసుకున్నాడు. తల్లీకొడుకులు ముందు వైపు లిఫ్టు దిక్కుకు నడిచారు. 'మూడోనాడు' అనే మాట రవళికి అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. ఎక్కాక గేటు పక్క సిమెంటు అరుగు మీద కూలబడి, ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది.