మూడోసారి ఆరని బ్రేక్ లైటు

సిమెంటు లారీ వెనకనుంచి గుద్దేసినప్పుడు కామేశ్ కాలు బ్రేకు మీదే ఉంది. వెలగాల్సిన లైటే వెలగలేదు. టెక్కలి హైవే పక్కన నుజ్జయిన ఆ కారును ఏజెంట్ ధనరాజు స్వయంగా పరీక్షించాడు. బల్బులు బాగున్నాయి, ఫ్యూజు బాగుంది. పెడల్ పైనుండే స్విచ్‌కి మాత్రం వైరు లేదు. ఎవరో పీకేశారు. కామేశ్ తోటి ఏజెంటే కాదు, అక్క చిన్నమ్మి మొగుడు. ఆ రోజు కారు తాళాలున్నది డిపార్టుమెంటులోని వనజ దగ్గరే. మహా అందగత్తె, రెండు దేశాల జీతం తినే మనిషి. ఆమె ధనరాజుని ఎప్పుడూ చూడలేదు.

రెండు నెలలకి చీఫ్ కూర్మనాథం ఫోన్ చేశాడు.

"ఆపరేషన్ జీడితోట. సాయంత్రం వనజ ఉద్దానం తీరంలో పడవెక్కుతుంది. మన ఏజెంట్ల లిస్టున్న మెమరీ కార్డు ఎక్కడ దాచిందో తెలీదు. బయటికి తీసేదాకా ముట్టుకోకు. సిగ్నల్ కారు బ్రేక్ లైటు. మూడుసార్లు వెలిగి ఆరితే పడవ వస్తుంది. ఆరకపోతే ప్రమాదమని తిరిగిపోతుంది. ఇప్పుడా లైటు చెడింది, నీ షెడ్డుకే వస్తోంది. ఆమె ప్రాణాలతో కావాలి."

"ప్రాణాలతోనే తెస్తాను సార్. సుఖంగా మాత్రం కాదు."

పలాస షెడ్డులో ధనరాజు మెకానిక్ వేషంలో గ్రీజు లుంగీతో కూర్చున్నాడు. మధ్యాహ్నం తెల్లకారు వచ్చింది.

"బ్రేకు తొక్కకపోయినా లైటు వెలుగుతోంది. తొందరగా చూడు," అంది వనజ.

"సూత్తానమ్మా. అలాగ నీడన కూసోండి."

స్టీరింగు కింద దూరాడు. స్విచ్ మొనను వేలితో నొక్కితే లైటు ఆరింది, వదిలితే వెలిగింది. స్విచ్ మంచిదే. పెడల్ వెనక్కొచ్చి ఆ మొనను నొక్కేచోట ఉండే రబ్బరు బిళ్ల ఎండి రాలిపోయింది. కొత్త బిళ్ల డబ్బాలో ఉంది. ధనరాజు జేబులోంచి గుండు జీడిపప్పు తీశాడు. చచ్చిపోయిన బావ మొహం గుర్తొచ్చి పళ్లు పటపట కొరికాడు. పప్పును అక్కడ బిగించాడు. ఇలాంటి పిచ్చి లెక్క హెడ్డాఫీసు ఒప్పుకోదు, అందుకే చెప్పలేదు.

"అయిపోనాదమ్మా. ఊరికే బ్రేకు తొక్కేయకండి."

పొద్దుగూకే వేళ మొగలి పొదల్లోంచి చూస్తున్నాడు. కారు సముద్రానికి వీపు పెట్టి ఆగింది. లైటు వెలిగింది, ఆరింది. పడవ ఇటు తిరిగింది. మళ్లీ వెలిగింది, ఆరింది. పడవ దగ్గరైంది. వనజ కొప్పులోంచి కార్డు తీసింది. పప్పు గట్టిగా నిలబడితే ఇక అంతే. ధనరాజు ఊపిరి బిగబట్టాడు.

మూడోసారి వెలిగింది. ఆరలేదు. పెడల్ దెబ్బలకి పప్పు పొడైపోయింది.

అలల దాకా వచ్చిన పడవ గిరుక్కున తిరిగి, వెనక్కి చూడకుండా పోయింది. వనజ పెడల్ తొక్కుతూనే ఉంది. ధనరాజు తలుపు తీసి తుపాకి చూపించాడు.

"కార్డు ఇటియ్యమ్మా."

"నన్ను వదిలేసి పోయారు," అంది వనజ, నమ్మలేనట్టు.

"నడిరోడ్డు మీద మా బావని నువ్వొగ్గీనేదా? అలాగే."

"స్విచ్‌లో ఏం పెట్టావయ్యా?" అని చీఫ్ ఫోన్లో అడిగాడు. చెప్పాడు. కూర్మనాథం రిపోర్టులో 'ప్రత్యేక పరికరం' అని రాసుకున్నాడు.

జేబులో మిగిలిన పరికరాలను ధనరాజు దారిలో తినేశాడు.