చెవిమూతల్లో సముద్రం

భూమ్మీద పుట్టిన చప్పుళ్లన్నీ తన గొంతులో కాపురం ఉంటాయని మైలపల్లి నూకరాజు ల్యాబ్‌లో అడుగుపెడుతూనే ప్రకటించాడు. "పిడుగు, రైలు, పెళ్లిలో అలిగిన మేనత్త... పేరు చెప్పండి మేడమ్, దించేస్తా." అంతలో వెనక తలుపు కిర్రుమంది. మన మిమిక్రీ వీరుడు ఉలిక్కిపడి చేతిలో టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

ఆ ల్యాబ్ నడిపే డాక్టర్ కుముదిని నవ్వలేదు. "సముద్రం," అంది.

విశాఖకి సముద్రం కరువైన రోజులవి. ఉప్పెనలకు భయపడి తీరం పొడవునా కట్టిన గాజుగోడ నీళ్లతోపాటు చప్పుణ్ణీ ఆపేసింది. అలలు కనబడతాయి, వినబడవు, సౌండ్ తీసేసిన టీవీలా. ఊరికి నిద్ర కరువైంది. జాలరిపేటకి మరీను. నూకరాజు మామ్మ పోలమ్మ పుట్టిన దగ్గర్నుంచీ అలల హోరులోనే పడుకున్న మనిషి. గోడ లేచాక కంటి మీద కునుకు లేక సగమైపోయింది. చేపల బుట్ట ముందు కూర్చుని బేరం మధ్యలో మాట మర్చిపోతోంది. నూకరాజు పైకి ఎన్ని కోతలు కోసినా లోపల వాడి దిగులంతా అదే.

గోడ అవతల మైకు పెట్టొచ్చుగా అంటారా? పెట్టారు. మనుషుల్లేని ఓడల మోటార్ల రొద తప్ప ఏమీ పడలేదు. కంప్యూటర్ చేత అలలు చేయించారు. "ఇది ఎక్కడా ఊపిరి తియ్యదేటి?" అని పోలమ్మ కొట్టిపారేసింది. మిగిలింది గరగరలాడే పాత రికార్డింగు ఒక్కటే. దాన్ని చెవుల్లో వింటూ, మనిషి గొంతుతో కొత్త సముద్రం చేయించి, వీధివీధికీ స్పీకర్లలో వినిపించాలని కుముదిని పథకం.

బల్ల మీద మూడు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. వెనకవైపు జల్లెడలా ఉన్నదాన్ని నూకరాజు ముందు లాక్కున్నాడు. "ఇదే మేడమ్! గాలాడుతోంది."

"అది ఓపెన్‌బ్యాక్. వినడానికి హాయే. కానీ చెవిలో మోగేది ఆ చిల్లుల్లోంచి వచ్చి మైకులో పడుతుంది. నీ సముద్రం వెనక పాత సముద్రం కూడా వినిపిస్తుంది."

రెండోది క్లోజ్డ్‌బ్యాక్. వెనక గట్టి మూత. చాలావరకు ఆపింది గానీ, కుముదిని మైకు చీమ నడకని కూడా పట్టేసే రకం. నూకరాజు కళ్లజోడు కాడ దగ్గర హెడ్‌ఫోన్ దిండుకీ చెంపకీ మధ్య వెంట్రుకంత సందు ఉంది. అందులోంచి కారే చప్పుడు కూడా రికార్డయింది.

మూడోది కుముదిని కొత్తగా కనిపెట్టిన 'గవ్వ'. తలకి తగిలించగానే దాని దిండ్లు చపాతీ పిండిలా మెత్తబడి, చెవి చుట్టూ, కళ్లజోడు కాడ చుట్టూ పాకి బిగుసుకుంటాయి. లోపలిది బయటికి రాదు, బయటిది లోపలికి పోదు.

"అంటే మా మామ్మ తిట్టినా వినబడదా?"

"వినబడదు."

"మరి ఇంకా చూస్తారేం మేడమ్? తగిలించండి!"

తగిలించాక తెలిసింది తిప్పలు. మిమిక్రీవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఒక చెవి మూతని కాస్త వెనక్కి నెట్టి, తమ గొంతు తామే వింటూ సరిచేసుకుంటారు. గవ్వ అంగుళం కదలనివ్వదు. దాంతో ఒక అల ప్రెషర్ కుక్కర్‌లా, ఇంకొకటి బస్సు టైరులో గాలి తీసినట్టూ వచ్చాయి.

"నా గొంతు నాకే వినబడకపోతే ఎలా మేడమ్?"

"నీ గొంతు సంగతి కాసేపు మర్చిపో. కళ్లు మూసుకుని సముద్రాన్ని విను."

మధ్యాహ్నం మామ్మ పంపిన కోనాం చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుని, నూకరాజు మళ్లీ మైకు ముందు చేరబడ్డాడు. ఏసీ చల్లగా ఉంది. గవ్వలో పాత సముద్రం వస్తోంది, పోతోంది. ఈసారి దించకపోతే నా పేరు మార్చుకుంటా అనుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో వాడికి తెలీదు.

కళ్లు తెరిచేసరికి కుముదిని వాడి భుజం కుదుపుతోంది. మొదటిసారి నవ్వుతోంది. "పడింది నూకరాజూ! విను."

అల ఇసుక మీదుగా వెనక్కి జారింది. ఆగింది. ఉరికొచ్చి విరిగింది. మధ్యలో ఎక్కడో దూరంగా ఓడ కూత, బరువుగా, దీర్ఘంగా. నూకరాజు మూతి చివర తడి తుడుచుకుని, "కొంచెం ప్రాక్టీసు ఉందిలెండి," అన్నాడు.

స్పీకర్లు పెట్టిన రోజే జాలరిపేట మొత్తం మధ్యాహ్నం కునుకు తీసింది. పోలమ్మ బుట్టకి చేరబడి హాయిగా పడుకుంది. వారం తిరిగేసరికి బేరాల్లో ఆవిడ నోటికి ఎదురు లేదు. పేపర్లు నూకరాజుని ఆకాశానికెత్తాయి. ఆ ఓడ కూతలో సముద్రం మీద తిరిగేవాళ్ల బెంగంతా ఉందని ఒక ప్రొఫెసరుగారు పెద్ద వ్యాసమే రాశారు.

తర్వాత బీచ్ రోడ్డులో సన్మానం. శాలువా కప్పి, అధ్యక్షులవారు, "ఒక్కసారి మా ఎదుట!" అన్నారు. కుముదిని స్వయంగా గవ్వ తగిలించింది. నూకరాజు కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. వాడికి బయటి చప్పుడేమీ వినబడలేదు. జనం మైమరచి నిశ్శబ్దంగా ఉన్నారని పొంగిపోయాడు. తీరా కళ్లు తెరిస్తే, ముందు వరసలో మామ్మ చేతులూపుతూ అరుస్తోంది. గవ్వ తీశాడు.

"ఆపురా బాబూ! సముద్రం ఎయ్యమంటే పెనం మీద అట్టేస్తన్నావేటి?"

నవ్వులు. నూకరాజు గవ్వని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. నిజం చెబితే స్పీకర్లు పీకేస్తారేమో, మామ్మకి మళ్లీ నిద్ర దూరమవుతుందేమో. అబద్ధం చెబుదామంటే జనమంతా వినడానికి సిద్ధంగా కూర్చున్నారు.

"అది నేను చేసింది కాదండీ," అన్నాడు చివరికి. "పడుకుండిపోయాను. అది నా గుర్రు."

కుముదిని బిత్తరపోయింది. తర్వాత మెల్లగా, "చెవుల్లో సముద్రం తప్ప ఇంకేం లేదు. నిద్రలో ఊపిరి దాని వరసలో పడిపోయింది. అంటే గవ్వ సరిగ్గానే మూసుకుందన్నమాట," అంది.

"నాకు మొదటిరోజే తెల్సు," అంది పోలమ్మ. "ఈడి తాత అచ్చం ఇలాగే గుర్రెట్టీవోడు. అందుకేగా నాకు నిద్దరట్టింది! స్పీకర్లు తీసీసేరంటే ఊరుకోను."

జనం చప్పట్లు కొట్టారు. నూకరాజు తేలిగ్గా ఊపిరి పీల్చుకునే లోపు వెనక వరసలో ప్రొఫెసరుగారు లేచి నిలబడ్డారు. "మరి ఆ ఓడ కూత?"

నూకరాజు శాలువా అంచు మెలిపెట్టుకుంటూ తల దించాడు.

"తేన్పండీ," అన్నాడు. "కోనాం పులుసు."