వరసగా మూడుసార్లు

2004 మార్చి. చిక్కపేటలో ఒక చీరల కొట్టు.

"చెంగు చిరిగిన చీర ఉండాదా?" అడిగాడు ఏజెంట్ ఓబులేష్.

"చిరిగిందే కావాల్నా?" అంటూ కొట్టు పెద్దాయన అతన్ని మేడమీదికి పంపాడు. అక్కడ చీఫ్ ఆదినారాయణప్ప ఫైలు తెరుచుకుని కూర్చున్నాడు.

"కుందలహళ్ళిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. మన తీరం రాడార్లకు కెర్నెల్ మాడ్యూల్ చేస్తా ఉండాది. అంటే కంప్యూటర్ గుండెకాయలో కూర్చునే ప్రోగ్రాం. దాంట్లో విదేశీ ముఠా ఒక దొంగదారి పెట్టించింది. ఆ దారిన వచ్చి వాళ్ళు రాడార్లను గుడ్డివి చేస్తారు. పెట్టిన మనిషి కోడ్‌నేమ్ నీలం. అక్కడి మన ఏజెంటు చచ్చిపోయే ముందు పంపిన కబురు ఇంతే."

"టెస్టులు లేవా సార్?"

"నాలుగువందలు. వాటంతట అవే నడుస్తాయి. అన్నీ పాస్. అదేనప్పా నా భయం."

నెల తిరక్కుండా ఓబులేష్ హరి అనే పేరుతో టెస్ట్ ఇంజినీరుగా చేరాడు. పవర్ లేని కళ్ళద్దాలు, పెన్ను మూతలో కెమెరా. టీమ్ లీడ్ మమత. ఆమె నడిచొస్తుంటే ఫ్లోరంతా తలెత్తి చూసేది. టెస్టులు రాయడం అతనికి ఆమే నేర్పింది. ఆర్నెల్లయ్యేసరికి అతను పెన్ను మూత సంగతే మరిచిపోయాడు.

డెలివరీ రోజు వచ్చింది. నాలుగింటికి మాడ్యూల్ సీడీ నేవీ ఆఫీసర్ చేతికి వెళ్ళాలి. ఓబులేష్‌కు అప్పుడు తట్టింది. ఆ నాలుగువందల టెస్టులూ అంతా సవ్యంగా ఉన్నప్పుడే మాడ్యూల్‌ను చూస్తున్నాయి. ఏదైనా చెడితే అదేం చేస్తుందో ఒక్కటీ అడగడం లేదు. వెంటనే కొత్త టెస్టు రాశాడు. మాడ్యూల్ కంప్యూటర్‌ను మెమరీలో చోటు అడిగితే కావాలనే లేదనిపించే టెస్టు.

3.50. పాస్.

3.54. మళ్ళీ పాస్.

వెనక మమత నిలబడి ఉంది.

"ఒకసారి కాదు హరీ. వరసగా మూడుసార్లు లేదనిపించు."

వంగి, ఒకటిని మూడు చేసి, తనే ఎంటర్ నొక్కింది. స్క్రీన్ ఎర్రబడింది. మూడో 'లేదు'కు తెరుచుకునే దొంగదారి బయటపడింది.

అతను రిసెప్షన్‌కు ఫోన్ చేశాడు. "ఆఫీసర్‌గారిని సంతకం పెట్టొద్దనండి."

ఆయన పెన్ను అప్పటికే కాగితానికి తగిలిందట, అక్కడే ఆగింది.

రిసీవర్ పెట్టేశాక గానీ అతనికి వెలగలేదు, ఆ మూడనే లెక్క దారి పెట్టిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదని.

"నీలం," అన్నాడు.

"ఊఁ."

"నేనెవరో తెలుసా?"

"రెండో నెల్లోనే తెలుసు. పైవాళ్ళకు చెప్పలేదు."

"మరిప్పుడు ఎందుకు?"

"రెండేండ్లు దొంగ టెస్టులే రాసినా. ఇంక చాతకాలేదు." ఆమె బ్యాడ్జీ తీసి టేబుల్ మీద పెట్టింది. "ఆదివారం బాడిగిల్లు చూసొచ్చినాం కదా, ఆ కాడుగోడి ఇంటాయనకు ఫోన్ చేసి చెప్పు. మనకోసం ఖాళీగా పెట్టుకోనుండాడు, పాపం."

చీఫ్ పంపితే మఫ్టీలో వచ్చిన ఇద్దరు ఆమెను లిఫ్ట్‌లో తీసుకెళ్ళారు. అతను మెట్లు దిగి ఇంటాయనకు ఫోన్ చేశాడు.

వారం తర్వాత చిక్కపేట మేడమీద రిపోర్టు రాశాడు. 'ఆపరేషన్‌లో జరిగిన నష్టం' అన్నచోట 'ఏమీ లేదు' అని పెట్టాడు.

ఆదినారాయణప్ప చదివి కాగితం వెనక్కి తోశాడు. "ఇంగ్లీషులో రాయప్పా. ఢిల్లీవాళ్ళకు తెలుగు రాదు."

ఓబులేష్ కొట్టేసి 'నిల్' అని రాశాడు. మాట చిన్నది కావడం కాస్త మేలయింది.