రొంటిలో తాళంచెవి

గిద్దలూరు ఘాట్‌లో సంజీవయ్య లారీ కొండకు గుద్దుకుందన్న కబురు మంగళవారం పొద్దున నంద్యాల బస్సు కండక్టరు ఆళ్లగడ్డకు మోసుకొచ్చాడు. సంజీవయ్య తల్లి రంగనాయకమ్మ అప్పుడు జొన్నలు చెరుగుతోంది. చేట కింద పెట్టలేదు.

"ఎవురు పోయినారు?" అని అడిగింది.

ఎవరూ పోలేదన్నాడు కండక్టరు. బండి ఎడమ పక్క నలిగింది. సంజీవయ్యకు కాలు విరిగింది. వెంట ఉన్న తండ్రి ఓబులేసుకు నుదుటి మీద గాయం తప్ప ఏమీ కాలేదు. లారీలో గిద్దలూరు గుడికి తీసుకుపోతున్న అమ్మవారి విగ్రహానికి చెయ్యి తెగిపోయింది. ఆమె చేటలోని జొన్నలు పూర్తిగా చెరిగి, డబ్బాలో పోసి, అప్పుడు కూలబడింది.

మధ్యాహ్నానికి కోడలు ఆదెమ్మతో నంద్యాల ఆసుపత్రికి చేరింది. కొడుకు మంచం మీద ఉన్నాడు. ఎడమ కాలికి తొడ దాకా కట్టు. ఓబులేసు వరండాలో తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. భార్య వచ్చినా తల ఎత్తలేదు.

"నేనే తోల్తాంటి మా," అన్నాడు సంజీవయ్య. "దిగుడులో బ్రేకు పట్టలా."

గురువారం బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆసుపత్రికే వచ్చి వాంగ్మూలం రాసుకుంటాడు. దాని కింద సంజీవయ్య సంతకం పడితే లైసెన్సు పోతుంది. ఇరవై నాలుగేళ్ళ వాడికి లారీ తోలడం తప్ప వేరే పని తెలియదు. ఆదెమ్మ మొగుడి మంచం కోడు పట్టుకుని సాయంత్రం దాకా నిలబడే ఉంది...

ఆ ఇంట్లో రెండు లారీలు. పాతది పెట్రోలు బండి. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే నలభై ఆరులో ఓబులేసు పాడుకున్నాడు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే గానీ లేవదు. మూడు టన్నులు మోస్తుంది. కొత్తది డీజిల్ బండి. సంజీవయ్య నిరుడు, యాభై ఏడులో, తెచ్చాడు. సెల్ఫు నొక్కితే లేస్తుంది. ఐదు టన్నులు మోస్తుంది. అన్నాల దగ్గర రోజూ ఇదే గొడవ.

"నీ బండి రేకు గోరుతో గీకినా లేస్తాది. నాది తుపాకీ గుండ్లు తిన్న ఇనుము," అనేవాడు ఓబులేసు.

"గుండ్ల కంటే పెట్రోలే ఎక్కువ తింటాది నాయనా అది," అనేవాడు కొడుకు. ఆదెమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయేది.

పెట్రోలు మిగలడానికి ఓబులేసుకు ఒక అలవాటు ఉంది. దిగుడు వస్తే ఇంజను ఆపేస్తాడు. బండి తన బరువుకు తానే దొర్లిపోతుంది. పాత బండి స్విచ్చి వదులు, కుదుపుకు మళ్ళీ అంటుకునేది. అందుకని తాళంచెవి తీసి రొంటిలో, నడుము దగ్గర పంచె మడతలో, దోపుకునేవాడు. దిగుడు అయ్యాక మళ్ళీ పెట్టేవాడు. పన్నెండేళ్ళు అలాగే తోలాడు. ఒక్క దెబ్బ లేదు. జిల్లాలో లారీలవాళ్ళంతా ఆ మాట చెప్పుకునేవారు.

సోమవారం క్లీనరుకు జ్వరం వచ్చింది. అందుకే ఓబులేసు కొడుకు వెంట కొత్త బండి ఎక్కాడు.

బుధవారం పొద్దున అత్తాకోడళ్ళు బట్టల కోసం ఆళ్లగడ్డకు తిరిగి వచ్చారు. వాళ్ళు గడప దాటకముందే విగ్రహం చెక్కిన విశ్వేశ్వరయ్య వచ్చి నిలబడ్డాడు.

"చెయ్యి తెగిన అమ్మవారిని గుళ్ళో పెట్టరు తల్లీ. నీళ్ళలో వదలాల్సిందే. ఎనిమిది నెల్లు ఉలి పట్టినా. ఓబులేసన్న తోలింటే ఇట్లయ్యేదా? ఇంగ నీ కొడుకు బండికి నేను శిల ఎత్తను."

రంగనాయకమ్మ పెరట్లోకి నడిచింది. ఆసుపత్రి నుంచి చుట్టి తెచ్చిన మొగుడి పంచెను, నెత్తురు మరకలు పోవాలని బండ మీద వేసి తడిపింది. మొదటి దెబ్బకే మడతలోంచి ఏదో బండ మీద పడి మోగింది.

తాళంచెవి. దానికి పసుపు దారం కట్టి ఉంది. కొత్త లారీకి పూజ చేసిన రోజు ఆ దారం కట్టింది ఆదెమ్మే.

"అత్తా, ఇది మా బండిది కదా. మామ రొంటిలో ఎట్లుండాది?"

రంగనాయకమ్మ చేతిలోని పంచె జారిపోయింది. కొండకు గుద్దుకున్నది బండి ఎడమ పక్క. కొడుక్కు విరిగింది ఎడమ కాలు. తోలేవాడు కూర్చునేది కుడి పక్క. ఇంత సంగతి రెండు రోజులుగా కళ్ళ ముందు ఉంది. ఆమె చూడలేదు. ఎవరూ చూడలేదు. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి వరండాలో తువ్వాలు కప్పుకుని ఎందుకు కూర్చున్నాడో అప్పుడు అర్థమైంది. ఆమెకు ఏడుపు రాలేదు. బండ మీద అలాగే కూర్చుండిపోయింది.

గురువారం ఇన్‌స్పెక్టరు రాకముందే ఆమె ఆసుపత్రి వరండాలో మొగుడి పక్కన కూర్చుని అతని అరచేతిలో తాళంచెవి పెట్టింది.

"యాడ పడిపోయిందో అనుకుంటి," అన్నాడు ఓబులేసు.

"చెప్పయ్యా."

"కనుమ ఎక్కినాక నేను తోల్తా ఇయ్యి అంటి. దిగుడొచ్చె. చెయ్యి దానంతట అదే పాయె. ఇంజను ఆపేస్తి, చెవి తీసి దోపుకుంటి. బ్రేకు రెండు తూర్లు పట్టింది. మూడోతూరి కాలు బండమీద పెట్టినట్లుండె. వాడు అరుస్తాండాడు, ఈ బండికి ఇంజను ఆడితేనే బ్రేకుకు గాలి నాయనా, ఇంజను ఎయ్యి అని. నా చెయ్యి రొంటిలో ఎతుకుతాండాది. దొరకలే."

"మరి వాడు తోలినాడని ఎవురు చెప్పినారు?"

"వాడే. కాలు రేకు కింద ఇరుక్కోనుండాది. అట్లుండంగనే అన్యాడు, నీ పేరు పోతే ఇంగ రాదు నాయనా, నేను చిన్నోణ్ణి, ఏందో ఒకటి చేసుకుంటా అని."

"నువ్వేమంటివి?"

ఓబులేసు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఊ అంటి."

ఆమె అతని వైపు చూసింది. తిట్టలేదు. "వాడు లేచి నడిచినా, ఆ ఊ అన్న మాట మీద కాలు పెట్టి నడవాల," అని లేచి లోపలికి పోయింది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కాగితం తీశాడు. సంజీవయ్య సంతకానికి చెయ్యి చాపాడు. గుమ్మంలోంచి ఓబులేసు అడ్డం వచ్చాడు.

"ఆగు సారూ. తోలింది నేను."

"నాయనా, ఊరుకో," అన్నాడు సంజీవయ్య.

"నువ్వూరుకో అబ్బీ. సారూ, ఇంజను ఆపింది నేను. చెవి ఇదో. లైసెన్సు ఇదో." రెండూ మంచం మీద పెట్టాడు. లైసెన్సు పుస్తకం అట్ట చెమటకు నల్లబడి ఉంది. సంజీవయ్య గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆదెమ్మ అతని తల మీద చెయ్యి వేసింది.

లైసెన్సు రద్దయింది. ఆళ్లగడ్డ చేరిన రోజే ఓబులేసు విశ్వేశ్వరయ్య ఇంటికి పోయి, తోలింది తానేనని చెప్పి వచ్చాడు. చెయ్యి తెగిన విగ్రహాన్ని కుందూ నది నీళ్ళలో వదిలేటప్పుడు నడుములోతు దాకా వెంట నడిచాడు. పాత బండిని అమ్మలేదు. దాని జోలికి పోలేదు.

తొమ్మిది నెలలకు విశ్వేశ్వరయ్య మరో అమ్మవారిని చెక్కాడు. ఆ శిలను, రిపేరై వచ్చిన సంజీవయ్య బండికే ఎత్తాడు. సంజీవయ్య కొంచెం కుంటుతూ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అమ్మవారి వెంట పసుపు కుంకుమలతో రంగనాయకమ్మ మధ్యలో, ఓబులేసు ఎడమ పక్కన కూర్చున్నారు. బండి నంద్యాల దాటింది. కనుమ ఎక్కింది. దిగుడు మొదలైంది.

ఓబులేసు చెయ్యి రొంటి దగ్గరికి పోయింది. అక్కడ ఏమీ లేదు. రంగనాయకమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

కొండ దిగి గిద్దలూరు ఇళ్ళు కనిపించేదాకా ఇంజను ఆడుతూనే ఉంది. ఆమె ఆ చెయ్యి వదలలేదు.