మూడో శిఖరం మీద చెప్పాల్సిన మాట

సుధామణికి ఆదివారం పెళ్లిచూపులు. ఆ సంగతి తెలిసే భానుప్రకాష్ శనివారానికి కొండలెక్కే కార్యక్రమం పెట్టాడు.

అతనిది అడవుల నడుమ ఉన్న బీజాపూర్‌లో బ్యాంకు ఉద్యోగం. ఏ పనికైనా ముందు ఎక్సెల్ షీటు తెరుస్తాడు. ఎనిమిది నెలలుగా భోపాల్‌పట్నం వచ్చి, సుధామణి వాళ్ల కిరాణా దుకాణంలో అక్కర్లేని సబ్బులు కొంటున్నాడు. చివరికి ఒక ఉపాయం తోచింది. బాట లేని అడవిలో మూడు శిఖరాలు ఎక్కాలి. మూడోదాని మీద తన మనసులో మాట చెప్పాలి. షీటులో ఆ గడిలో 'చల్లగాలి' అని కూడా రాసుకున్నాడు.

అక్కడి కొండ ఊళ్ల భాష దోర్లీ వచ్చిన మనిషి తోడు కావాలన్న వంకతో సుధామణిని రమ్మని అడిగాడు. ఆమె ఒప్పుకుంది.

"ఇంతకుముందు కొండలెక్కిండ్రా?"

"వీడియోలు చూశానండి."

గురువారం ఇద్దరూ చెరో బండి మీద కొండ కింది ఊరికి వెళ్లారు. కొండెక్కేవాళ్లను కొండ వేల్పుకు విన్నవించి పంపాల్సింది ఊరి పూజారి ఆయతు. భానుప్రకాష్ రంగుల మ్యాపులు, ఠాణాకు ఇచ్చిన దరఖాస్తు నకలు ఆయన ముందు పరిచాడు. ఆయతు వాటిని మర్యాదగా పక్కకు జరిపి, తెలుగులోనే అడిగాడు.

"ఈ పిల్ల నీకు ఏమైతది?"

"టీమ్ మెంబర్."

"అది ఏం చుట్టరికం? చెల్లెలా, పెండ్లామా? వరస చెప్పకపోతే కొండను ఏమని అడగాలె?"

భానుప్రకాష్ ఫైలు తిరగేశాడు. వాగులున్నాయి, నలభై మీటర్ల తాడుంది, పాము కరిస్తే వెళ్లాల్సిన ఆసుపత్రి ఉంది. దీనికి మాత్రం ఏర్పాటు లేదు.

"చెల్లెలని చెప్పుండ్రి. పని అయిపోతది," అంది సుధామణి, అతని వైపు చూడకుండా.

"వద్దు."

"మరేమని చెప్తరు?"

అతను ఆయతుతోనే అన్నాడు. "పెళ్లి చేసుకోవాలని ఉంది. ఈమెకింకా చెప్పలేదు. శనివారం, మూడో శిఖరం మీద చెబుదామనుకున్నాను."

ఆయతు సుధామణిని దోర్లీలో ఏదో అడిగాడు. ఆమె దోర్లీలోనే జవాబిచ్చింది. ఆయన పెద్దగా నవ్వాడు.

"ఏమడిగారు?"

"నీకు ఇష్టమేనా అని."

"మీరేమన్నారు?"

"ఇష్టమే. ఈయన మూడు కొండలు ఎక్కేటోడు కాదు, ఇక్కడే చెప్పించినవు, మంచిగైంది అని చెప్పిన."

ఆయతు లేచాడు. "వీళ్ల నాయన ఒప్పుకున్నంక ఇద్దరూ రాండ్రి. అప్పుడు కొండను అడుగుత."

బయటికొచ్చాక భానుప్రకాష్ గొంతు సవరించుకున్నాడు. "వచ్చే నెల మీ నాన్నగారితో మాట్లాడతానండి. కొంచెం తయారవ్వాలి కదా."

"మరిచిండ్రా? ఆదివారం భద్రాచలం నుంచి వాళ్లొస్తున్నరు. మా నాయన ఇప్పుడు దుకాణంలనే ఉన్నడు." సుధామణి స్కూటీ స్టార్ట్ చేసింది. "నేను ముందు పోత. వెనక రాండ్రి."

దారి పొడవునా అతను వాక్యాలు కూర్చుకున్నాడు. నమస్కారంతో మొదలుపెట్టి, జీతం మీదుగా, తన అమ్మానాన్నల దాకా చక్కగా వచ్చింది. దుకాణం ముందు బండి దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

సుధామణి తండ్రి ధర్మయ్య కందిపప్పు తూస్తూ తలెత్తి అతన్ని, ముందే వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డ కూతురిని చూశాడు.

"ఏం కావాలె బాబూ?"

"మీ అమ్మాయండి," అన్నాడు భానుప్రకాష్.

పప్పు త్రాసులో అట్లాగే ఉండిపోయింది. ధర్మయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత కూతురిని చూశాడు. ఆమె తల దించుకోలేదు.

"కూచో," అని స్టూలు జరిపాడు. "మణీ, ఆదివారం రావొద్దని వాళ్లకు ఫోన్ చెయ్యాలె. నంబరు తే."