కరకట్ట మీద మొక్కు

"ఈ సైకిల్ ఊరి పక్కనున్న యనమలకుదురు కూడా దాటదండీ. నా మాట విని గేర్లది తీసుకోండి."

జ్ఞానేశ్వరితో జయంత్ అన్న మొదటి మాట అది. విజయవాడ వన్ టౌన్‌లో జయంత్ వాళ్ళది సైకిల్ సామాన్ల కొట్టు. ఆమె తీసుకెళ్ళింది నాన్నగారి సైకిలు. నల్లది, బరువైనది, వెనక పెద్ద క్యారియరు. శ్రీరామచంద్రమూర్తి మాస్టారు ముప్పై ఏళ్ళు దాని మీదే బడికి వెళ్ళొచ్చారు.

"కొనడానికి రాలేదండీ. బ్రేకు రబ్బర్లు మార్చమని వచ్చాను."

"మారుస్తాను. ఈలోగా మీ మనసేమైనా మారుతుందేమోనని."

"మీ కొట్లో మనసులు కూడా మారుస్తారా?"

"హోల్‌సేలండీ. డజనుకి తక్కువైతే ముట్టుకోం."

నవ్వు వచ్చింది ఆమెకి. నాన్న పోయాక ఏడాది పాటు రాని నవ్వు. అందుకే అతని మీద కోపం కూడా వచ్చింది.

ఏటా జరిగే సైకిల్ యాత్ర ఈసారి దివిసీమలో డయాలసిస్ మెషిన్ పెట్టించడానికి విరాళాల కోసం. విజయవాడ నుంచి కృష్ణ కరకట్ట మీదుగా అవనిగడ్డ దాకా, నలభై మంది. జ్ఞానేశ్వరికి మాత్రం మోపిదేవి చేరడమే ముఖ్యం.

నాలుగున్నరేళ్ళ కిందట నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం చేతికి చేసిన ఆపరేషన్ మొదటిసారి పనిచెయ్యలేదు. రెండోసారి థియేటర్ బయట నిలబడి ఆమె మొక్కుకుంది. ఇది పనిచేస్తే నాన్న సైకిల్ తొక్కుకుంటూ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దగ్గరికి వస్తానని. పనిచేసింది. నాన్న మూడేళ్ళు బతికారు. ఆ మూడేళ్ళూ గుణదల బడిలో లెక్కల టీచరు ఉద్యోగం, పరీక్షలు, ఎండలు, వానలు అంటూ ఆమె వాయిదా వేస్తూనే ఉంది. ఈలోగా నాన్న పోయారు.

పద్నాలుగు నెలలుగా అదే ముల్లు. ఆలస్యం చెయ్యకుండా ఉంటే నాన్న ఉండేవారేమో. ఈ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు. యాత్ర రోజున మోపిదేవి గుడి దగ్గర ఉండమని మాత్రం అడిగింది.

యాత్రకి ముందు రెండు నెలలూ ప్రతి ఆదివారం బ్యారేజీ మీద అందరికీ ప్రాక్టీసు. జయంత్ కూడా ఆ నలభైలో ఒకడు, ఎప్పుడు వెనక్కి చూసినా ఉండేవాడు. చూడగానే మబ్బుల్లోకి చూసేవాడు, మబ్బులు లేని రోజు కూడా.

తీరా యాత్ర రోజున నిజంగానే మబ్బు పట్టింది. సముద్రంలో వాయుగుండం. బయలుదేరేసరికే తుంపర. యాత్రలో అందరికంటే వెనక ఒక మనిషి ఉండాలి. అతను ఎవరినీ దాటకూడదు. తొక్కలేకపోయిన వాళ్ళని వ్యాన్ ఎక్కించడం అతని పని. ఈసారి ఆ మనిషి జయంత్. అందరికంటే వెనకబడింది జ్ఞానేశ్వరి.

"యనమలకుదురు దాటిందండోయ్," అందామె తల తిప్పకుండా.

"చూశాను. మీ సైకిల్‌కి సారీ చెప్పేశాను."

"ఏమంది?"

"ఓనర్ని అడిగి చెప్తానంది."

తోట్లవల్లూరులో టీకి ఆగారు. గుణదల నుంచి వచ్చిన వ్యాన్ డ్రైవర్ యేసుబాబు గ్లాసు అందిస్తూ అన్నాడు. "మేడమ్, మా జయంత్‌బాబు ప్రతి ఏడాదీ ముందు బ్యాచ్ అండీ. ఈసారి వెనక డ్యూటీ అడిగి మరీ తీసుకున్నాడు."

"నువ్వు వ్యాన్ సంగతి చూసుకో యేసుబాబూ," అన్నాడు జయంత్. చెవులు ఎర్రబడ్డాయి. జ్ఞానేశ్వరి టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది.

అక్కణ్ణుంచి వాన మాటల్ని తినేసింది. ఒక పక్క కృష్ణ ఎర్రగా పారుతోంది. మరో పక్క అరటితోటలు గాలికి ఒరిగిపోతున్నాయి. కృష్ణ ఒడ్డునే ఉన్న శ్రీకాకుళం ఊరు దాటి చాలా దూరం వచ్చాక ఒక్క విసురు గాలి వచ్చి సైకిల్‌ని పక్కకి తోసేసింది. బురదలో పడ్డ జ్ఞానేశ్వరి లేవబోయి, కాలు మోపలేక మళ్ళీ కూలబడింది. చీలమండ చూస్తూండగానే ఉబ్బింది.

జయంత్ పరుగెత్తుకొచ్చాడు. వెనకే వ్యాన్ ఆగింది.

"ఎక్కండి."

"ఎక్కను. ఇంకెంత దూరం?"

"మోపిదేవికి తొమ్మిది కిలోమీటర్లు. ఈ కాలితో తొమ్మిది అడుగులు కూడా కుదరదు. ఎక్కండి, ప్లీజ్."

"మీకు డ్యూటీ. నాకు..." ఆ వానలోనే మొత్తం చెప్పేసింది. ఆపరేషన్, మొక్కు, మూడేళ్ళ వాయిదాలు. "ఇప్పుడు కూడా వ్యానెక్కితే మా నాన్నకి ఏం చెప్పుకోను?"

యేసుబాబు నెత్తి మీద గోనెసంచి సర్దుకున్నాడు.

"మా అమ్మ గుణదల మేరీమాత కొండ మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకుందండీ. ఆ ఏడాదే అమ్మకి మోకాళ్ళు పోయాయి. నేనెక్కాను. సొంత మనిషి తీర్చొచ్చన్నారు మా ఫాదర్ గారు. మీ స్వామి మాత్రం కాదంటాడా?"

"మా ఇంట్లో అమ్మా నేనే. ఇంకెవరున్నారు?" అంది జ్ఞానేశ్వరి.

జయంత్ బురదలోంచి నాన్నగారి సైకిల్ పైకి లేపాడు. హ్యాండిల్ సరిచేశాడు. ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"ఈ పూటకి నన్ను ఇంటి మనిషి అనుకోండి. తర్వాత సంగతి మీ ఇష్టం."

జ్ఞానేశ్వరి కుంటుకుంటూ వచ్చి క్యారియర్ మీద కూర్చుంది. యేసుబాబు జయంత్ గేర్ల సైకిల్‌ని వ్యాన్‌లో పడేసి వెనకే కదిలాడు.

పొద్దుటి నుంచి తన వీపు చూస్తూ వచ్చిన మనిషి వీపు ఇప్పుడు తన ముందుంది. ఎదురుగాలికి అతను నిలబడి తొక్కుతున్నాడు. రొప్పుతున్నాడు. ఒక్కసారి కూడా ఆగుదామనలేదు. కాసేపటికి ఆమె అతని చొక్కా అంచు పట్టుకుంది. అతను రొప్పడం కూడా మర్చిపోయాడు.

"తొక్కండి," అందామె.

"తొక్కుతున్నానండీ."

మోపిదేవి గుడి ముందు ఇందిరాదేవి గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. కూతుర్ని చూసి గొడుగు వదిలేసి పరుగెత్తింది. మెట్ల మీద కూర్చుని జ్ఞానేశ్వరి తల్లికి అంతా చెప్పింది. చెప్పి, "నా వల్లేనేమో అమ్మా," అంది.

ఇందిరాదేవి కొంగుతో ఆమె తల తుడిచింది. "పిచ్చిదానా. ఆలస్యానికి అలిగే స్వామైతే ఆ మూడేళ్ళు ఇచ్చేవాడా? నాన్న ఆ మూడేళ్ళూ పొద్దున్నే పేపరు చదివి నీతో వాదన పెట్టుకునేవారే. అదంతా ఎవరిచ్చారనుకున్నావు?"

జ్ఞానేశ్వరి తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నాన్న పోయిన రోజున కూడా ఇంతగా ఏడవలేదు. జయంత్ దూరంగా, నీళ్ళు కారుతూ, సైకిల్‌ని పట్టుకుని నిలబడ్డాడు.

ముగ్గురూ లోపలికి వెళ్ళి మొక్కు సంగతి చెప్పాక పూజారిగారు పళ్ళెం అందుకున్నారు. "గోత్రనామాలు చెప్పండమ్మా."

"భారద్వాజ గోత్రం. ఇందిరాదేవి, జ్ఞానేశ్వరి."

ఆ రెండు పేర్ల ముందు ఎప్పుడూ ఉండే పేరు ఈసారి లేదు. తల్లీకూతుళ్ళిద్దరికీ అది ఒకేసారి తగిలింది. జ్ఞానేశ్వరి తల్లి చెయ్యి పట్టుకుంది.

"మరి మొక్కు తీర్చిన ఈ అబ్బాయి?" అన్నారు పూజారిగారు.

"ఇంటి మనిషేనండీ," అంది జ్ఞానేశ్వరి.

"అలాగా. అయితే ఆ గోత్రంలోనే కలిపి చెప్పేస్తాను."

"వద్దండీ!" జయంత్ కేక గర్భగుడి దాకా వినబడింది. "కలపొద్దండీ! మాది వేరే గోత్రం!"

"వేరేనా? ఏం గోత్రం బాబూ?"

"అది... తెలీదండీ. కానీ వేరేనే. ఒకటే అయితే మేమిద్దరం అన్నాచెల్లెళ్ళం అయిపోతాం కదండీ. అలా చెప్పకండి, దణ్ణం పెడతాను."

పూజారిగారు పళ్ళెం పట్టుకుని ఆగిపోయారు. ఇందిరాదేవి అతన్ని కిందినుంచి పై దాకా చూసింది. బురద ప్యాంటు, నీళ్ళోడుతున్న చొక్కా. కూతురి వైపు తిరిగింది. కూతురు తల దించుకుని ఉంది, కాదనడం లేదు.

"తెలుసుకో బాబూ," అంది ఇందిరాదేవి మెల్లిగా. "మేం ఆగుతాం. వాన కూడా తగ్గలేదు."

జయంత్ మండపంలోకి వచ్చి తడి ఫోన్ తుడిచి వాళ్ళమ్మకి కలిపాడు. వేళ్ళు జారి స్పీకర్ ఆన్ అయింది.

"మన గోత్రం ఏంటమ్మా?"

"వానలో సైకిల్ తొక్కడానికి పోయినవాడికి ఇప్పుడు గోత్రం ఎందుకురా?" అంది శివపార్వతమ్మ.

అతను జ్ఞానేశ్వరి వైపు చూశాడు. జ్ఞానేశ్వరి కుంటుకుంటూ వచ్చి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నమస్కారమండీ. నా పేరు జ్ఞానేశ్వరి," అంది. "ఎందుకో నేను చెప్తాను."